కూచిపూడియు, మాయాబజారు ప్లేట్లును

బెజవాడనుండి బందరు పోవు రోడ్డున కంకిపాడు, ఉయ్యూరు దాటి పామర్రు చేరినపిదప, దక్షిణముగ చల్లపల్లి దారి పట్టినచో కొంతసేపటికి కూచిపూడి వచ్చును. బెజవాడనుండి ఇంచుమించు 60 కిలోమీటర్ల ప్రయాణము. మేము పుష్యమాసమున బయలుదేరితిమి. ఉయ్యూరు చెంత చెరకు ట్రాక్టర్లు బారులుగట్టి నిలిచియుండుటచే మా బస్సు నత్తనడకన సాగినది. పామర్రు దాటినంతనే దారికి ఇరుప్రక్కల దృశ్యము మారిపోయినది. కోతలైన వరిచేలలో మినుము మోకాలిలోతున పచ్చగ పరచుకొనియుండెను. వరి కోయుటకు ముందే ఆ తడిమీద మినుములు చల్లుట ఈ డెల్టా రైతుల వాడుక. పై కొడవలి వరిని కోయుచుండగనే క్రింద రెండవపంట మొలకెత్తి కన్నులు తెరచియుండును.

ఈ పచ్చదనమంతయు కాలువల చలువ. 1855లో పూర్తియైన ఆనకట్ట నూరేండ్లు ఈ నేలకు నీరందించి, శిథిలము కాజొచ్చినపుడు దానికి ఎగువను ప్రకాశము బ్యారేజీ కట్టిరి. అది 1957లో పూర్తియయ్యెను. ఈ 1957 అను అంకెను పాఠకసోదరీమణులు కొంచెము గుర్తుంచుకొనవలెను. నేను చెప్పబోవు ముచ్చటకు అది అవసరము.

కూచిపూడికి పోవువారు సాధారణముగ నాట్యము చూడగోరియో, దైవదర్శనమునకో పోవుదురు. నన్ను లాగికొనిపోయినది వేరొకటి. మా పుట్టినింట ఒక గ్రామఫోను పెట్టె యుండెడిది. దానికి కీ యిచ్చి, సూది మార్చి, నల్లని లక్కప్లేటు తిప్పుట మా ఇంట మగపిల్లలకు మాత్రమే చెల్లిన అధికారము. మేము వినుటకు మాత్రము అర్హులము. ప్లేటు నిమిషమునకు 78 మారులు తిరుగును; ఒక ప్రక్కకు మూడు నిమిషములకు మించి పాట పట్టదు. పాట ముగియగనే ఎవరో ఒకరు లేచి ప్లేటు తిరుగవేయవలయును. ఆ పెట్టెలో భద్రముగ బట్టచుట్టి దాచిన ప్లేట్లు మాయాబజారు చిత్రమువి. పెండ్లిపందిళ్లలో, అట్లతద్దినాడు, ఊరిలో మైకుసెట్టు కట్టిన ప్రతి సందర్భమునను ఆ పాటలే. అవి విని నవ్వని ముత్తైదువ మా వీధిలో లేదు.

ఆ ప్లేటు నడుమనున్న గుండ్రని కాగితముమీద పాడినవారి పేరు, పాట వ్రాసినవారి పేరు, సంగీతము కూర్చినవారి పేరు ఉండును. ఆ పాటకు అడుగులు నేర్పినవాని పేరు ఉండదు. చెవికి నాట్యము వినబడదు గదా యని కంపెనీవారు తలంచిరి కాబోలు. ఆ పేరు పసుమర్తి కృష్ణమూర్తి. 1925లో కూచిపూడిలో పుట్టినవాడు. ఈ సంగతి తెలిసిననాటినుండి ఆ యూరు ఒకసారి చూడవలెనని నాకు పట్టుదల కలిగినది.

ఊరు చిన్నదే. రామలింగేశ్వరుని ఆలయము, బాలాత్రిపురసుందరి ఆలయము ఇచట ముఖ్యములు. ఆ ఆలయముల చుట్టు అల్లుకొన్న వీధులలో వేదాంతమువారు, వెంపటివారు, చింతావారు, పసుమర్తివారు, భాగవతులవారు మొదలగు కుటుంబములు తరతరములుగ నాట్యమునే వృత్తిగ చేసికొని జీవించినవి. గోలకొండ నవాబు అబుల్ హసన్ తానీషా వీరి యాట చూచి మెచ్చి ఈ గ్రామమును అగ్రహారముగ నిచ్చెనని పెద్దలు చెప్పుదురు. ఒక మహమ్మదీయ ప్రభువు సత్యభామ అలుకను చూచి ఆనందించి ఊరు ధారవోసెనన్న కథ నాకు మిక్కిలి ఇష్టము.

సత్యభామ యన్న జ్ఞాపకము వచ్చినది. సిద్ధేంద్రయోగి భామాకలాపమును రచించి, ఈ గ్రామపు బ్రాహ్మణబాలురచే ఆడించెననియు, ఈ కుటుంబములలో పుట్టిన ప్రతి మగబిడ్డయు జన్మలో ఒకసారియైనను సత్యభామ వేషము కట్టవలెనని మాట తీసికొనెననియు ప్రతీతి. ఆ ఆట చూడనివారికొరకు కొంచెము వివరింతును. తెర పట్టుదురు. తెరవెనుకనుండి ముందుగ ముఖము కనబడదు. పొడవైన జడ మాత్రము తెరమీదుగ ఇవతలకు వ్రేలును. ఆ జడ సామాన్యమైన అలంకారము కాదు, సవాలు. నాతో ఆడగలవారు, నాతో వాదింపగలవారు ఎవరైన నున్నచో వచ్చి దీనిని ముట్టుకొనుడని దాని యర్థము. పిమ్మట తెర తొలగి భామ ప్రవేశించి తన్ను తాను వర్ణించుకొనును.

భామాకలాపమనగ విరహము, భక్తి, వేదాంతమని పండితులు వ్రాయుదురు. అది నిజమే. కాని ఎదుట కూర్చున్నవారు ఎక్కువసేపు నవ్వుచుందురు. సూత్రధారుడే మాధవియను చెలికత్తెయై, భామను ఆటపట్టించును. నీ మగని పేరేమని అడుగును. పేరు చెప్పుటకు భామకు సిగ్గు. మగని పేరు నోట పలుకరాదన్న నియమము పాటించిన ఇల్లాండ్రకు ఆ సిగ్గు ఎట్టిదో నేను చెప్పనక్కరలేదు. తరువాత ఉత్తరము తీసికొనిపోవుటకు మాధవి కూలి యడుగును. అదియును కాసు కాదు, వీసము కాదు, భామ ముక్కునున్న ముక్కెరయే కావలెనట! రాజపత్నియైనను, చేతిలో రొక్కము లేని ఆడుదాని అవస్థ ఇంతకంటె ముద్దుగ చెప్పినవారు లేరు. ఇట్లు హాస్యము ఈ నాట్యమునకు రక్తములోనే యున్నది. సినిమాలోనికి పోయి వీరు నేర్చికొన్నది కాదు.

మరి ఈ ఆటలోని ఆడుదెవరు? మగవాడు. సత్యభామ మగవాడు, మాధవి మగవాడు, ఉష మగవాడు. ఈ మధ్యకాలమున స్త్రీవేషమునకు పేరుపొందిన వేదాంతం సత్యనారాయణశర్మగారికి 1970లో పద్మశ్రీ వచ్చినది. ఆయన నడక చూచి ఆడువారే ముక్కున వ్రేలిడుకొనెడివారని చెప్పుదురు. ఆయన 2012లో గతించిరి. ఆ వీధులలోని స్త్రీలు మాత్రము తరతరములుగ గజ్జె కట్టలేదు. మేళము ఊరూరు తిరుగుచు నెలలతరబడి పోవునపుడు ఇంట పాడి, పంట, పిల్లలు, అత్తమామలు వారి పాలు.

ఈ భాగవతులను గూర్చి మాచుపల్లి కైఫీయతులో ఒక వృత్తాంతము కలదు. సిద్ధవటము సీమను పాలించు సమ్మెట గురవరాజు పన్నులకై ప్రజలను, ముఖ్యముగ స్త్రీలను, ఘోరముగ హింసించుచుండగా కూచిపూడి మేళమువారు చూచిరట. విజయనగరమునకు పోయి ప్రభువు నెదుట ప్రదర్శన మిచ్చినపుడు, ఆ హింసనే వేషముగట్టి చూపిరట. ప్రభువు సంగతి గ్రహించి సైన్యము పంపి గురవరాజును దండించెను. నోరెత్తలేని స్త్రీల మొర ఆడువేషము వేసిన మగవారి ద్వారా రాజు చెవిని బడుట గమనింపదగినది. ఆ మొర చెప్పుకొన్న ఆడువారి పేర్లు కైఫీయతున లేవు.

టాకీలు వచ్చినపిదప మేళముల గతి మారిపోయినది. మొదటి తెలుగు టాకీ భక్తప్రహ్లాద 1932లో వెలువడెను. రాత్రియంతయు దివిటీల వెలుగున ఆడు కలాపమునకు బదులు, అణాలతో రెండుగంటల బొమ్మ దొరకుచుండగా జనము అటు మరలిరి. చదువుకొన్నవారు భాగవతులను చిన్నచూపు చూడజొచ్చిరి. చేతిలో విద్య యున్నను కడుపు నిండని స్థితి వచ్చినపుడు ఈ గ్రామపు పడుచువారు మదరాసు రైలెక్కిరి. వారిలో ముందుగ పేర్కొనవలసినవాడు వేదాంతం రాఘవయ్య. 1939లో గూడవల్లి రామబ్రహ్మముగారు తీసిన రైతుబిడ్డ చిత్రమున ఆయన కూచిపూడి నాట్యము చేసెను. జమీందారీ దుర్మార్గములను నిరసించు ఆ చిత్రమునకు ధనము పెట్టినది కూచిపూడికి పొరుగుననే యున్న చల్లపల్లి జమీందారుగారగుట ఒక వింత. జమీందార్ల ఒత్తిడిచే ఆ చిత్రమునకు కొన్నిచోట్ల నిషేధము వచ్చినది. గురవరాజు కథ విన్నపిదప, కూచిపూడివాని నాట్యము ఆ చిత్రములోనే ముందుగ కనబడుట నాకు యాదృచ్ఛికముగ తోచలేదు. కాని అది నా ఊహ మాత్రమే.

రాఘవయ్యగారి వెనుక వెంపటి పెదసత్యముగారు, పసుమర్తి కృష్ణమూర్తిగారు మదరాసులో స్థిరపడిరి. పాతాళభైరవి, మల్లీశ్వరి, రెండును 1951 నాటివి. వానికి నాట్యము కూర్చినది పసుమర్తివారే. ఇక మన 1957కు వచ్చితిమి.

ఆ యేడు మార్చి 27న విజయావారి మాయాబజారు విడుదలయ్యెను. కె. వి. రెడ్డిగారు దర్శకులు. కథ తెలుగువారు సురభి నాటకములలో ఎన్నిమారులో చూచినదే. మాటలు, పాటలు పింగళి నాగేంద్రరావుగారివి. ఆయన బందరున పెరిగినవారు. సంగీతము ఘంటసాల వేంకటేశ్వరరావుగారిది. ఆయన గుడివాడ చెంతనున్న చౌటపల్లిలో 1922లో పుట్టిరి. నాలుగు పాటల వరుసలు మొదట సాలూరి రాజేశ్వరరావుగారు కట్టినవి. బందరు, చౌటపల్లి, కూచిపూడి — ఈ మూడు ఊళ్లను కలుపుచు గీత గీచినచో ఆ గీత లోపల పట్టు నేల ఎంత! మదరాసు స్టూడియోలో తయారైనను ఆ పాటల నోరు కృష్ణాజిల్లా నోరే.

ఘంటసాలవారి బాల్యమునుగూర్చి ఒక ముచ్చట చెప్పక ముందుకు పోలేను. ఆయన తండ్రి భజనలకు పోవుచు ఈ బిడ్డను భుజముమీద ఎక్కించుకొని పోయెడివారట. నారాయణతీర్థులవారి తరంగములు పాడుచుండగా పిల్లవాడు నాట్యము చేసెడివాడట. అందుచే బాలభరతుడని పేరు వచ్చినది. తరంగమనగ కూచిపూడివారికి ప్రాణము. ఇత్తడి పళ్లెపు అంచుమీద పాదములు మోపి, తాళము తప్పక ముందునకు వెనుకకు జరుపుచు ఆడుదురు. ఆ పళ్లెము పాదము క్రింద తిరుగును, ఈ లక్కప్లేటు సూది క్రింద తిరుగును.

మాయాబజారు పాటలన్నియు నవ్వులే. వెన్నెలలో పడవపై సాగు యుగళగీతము మోహనరాగమున ఘంటసాల, లీల పాడిరి. ఆ వెన్నెల మార్కస్ బార్‌ట్లీ యను కెమెరా నిపుణుని సృష్టి. మా డెల్టా కాలువలలో పడవప్రయాణము చేసిన ముసలివారు మాత్రము ఆ పాట వినినపుడు నా చిన్ననాటి పడవలో దోమలు తప్ప రాగములు లేవని నవ్వుదురు. ఘటోత్కచుడు పెండ్లివారి వంటలన్నియు ఒక్కడే ఆరగించుచు పాడిన పాట మాధవపెద్ది సత్యముగారిది. ఆ పాట వినుచు అన్నము తినని పసివాడు తెలుగుదేశమున లేడనిన అతిశయోక్తి గాదు. తల్లులందరు దానిని ఔషధముగ వాడిరి.

కాని నాకన్నిటికంటె ఆశ్చర్యము కలిగించునది మాయాశశిరేఖ పాట. కథ సోదరీమణులకు తెలిసినదే. అసలు శశిరేఖను తప్పించి, ఆమె రూపమున ఘటోత్కచుడు పెండ్లికూతురై కూర్చుండును. తెరమీద ఆ వేషము వేసినది సావిత్రి. ఆమె బెజవాడలో నాట్యము నేర్చి నాటకములాడిన పిల్ల. ఆ పాటలో గొంతు సుశీలగారిది. నడుమ నడుమ మగగొంతు పైకి వచ్చును, ఆ గొంతు ఘంటసాలవారిది. లోపల రాక్షసుడు, పైన సుకుమారి. సిగ్గు నటించుచునే హఠాత్తుగ రొమ్ము విరుచుకొనును. జడ సవరించుకొనుచునే లేని మీసము దువ్వుకొనును. ఎవరైన వచ్చినంతనే మరల కన్నెపిల్లయగును. పిదప పీటలమీద పెండ్లికొడుకు లక్ష్మణకుమారుని పాదము తొక్కినపుడు, రేలంగివారి ముఖము చూచి హాలంతయు గొల్లుమనెడిది.

ఇపుడు ఆలోచింపుడు. ఆడవేషము కట్టుటయే కులవిద్యగ నేర్చిన ఊరినుండి వచ్చిన నాట్యాచార్యుడు, ఒక స్త్రీకి మగవానివలె నటించుట నేర్పుచున్నాడు; అదియును ఆడువేషములోనున్న మగవానివలె! కూచిపూడిలో మగవాడు ఆడుదియై, తాను మగవాడన్న మాట చూపరులు మరచునట్లు చేయవలెను. మాయాబజారులో ఆడుది మగవాడై, లోపలివాడు మగవాడన్న మాట చూపరులు మరువకుండునట్లు చేయవలెను. భామాకలాపమును తిరుగవేసి చూచినట్లున్నది ఆ పాట. మగవాడు ఎచ్చట పట్టుబడును, ఏ మెడ త్రిప్పులో దొరకిపోవును, ఏ అడుగున మోటుదనము బయటపడును అన్న రహస్యము, చిన్ననాడు ఆ దోషములకే గురువుచేత దెబ్బలు తినిన కూచిపూడి బాలునికి తెలిసినట్లు మరెవరికి తెలియును? ఏ దోషములు తొలగించుకొనుటకు ఆ ఊరి మగపిల్లలు ఏండ్లు కష్టపడిరో, ఆ దోషములనే ఏరి సావిత్రి కాళ్లకు తొడిగినట్లున్నది. సావిత్రికి గల ప్రజ్ఞ సామాన్యము కాదు, ఆమె కాక మరొకరైనచో అది వట్టి కోతిచేష్టయై యుండును. అయినను ఆ నవ్వు వెనుకనున్న శాస్త్రము కూచిపూడిది.

అదే వేసవిలో రెండవ చిత్రము వచ్చినది — సువర్ణసుందరి. దీనికి దర్శకుడు వేదాంతం రాఘవయ్య. 1953లో దేవదాసు తీసి తెలుగు స్త్రీలచే కొంగులు తడుపుకొనునట్లు ఏడ్పించినవాడే ఇపుడు జానపదకథతో ఉల్లాసపరచినాడు. అంజలీదేవిగారు నాయిక, ఆమె భర్త ఆదినారాయణరావుగారు సంగీతము కూర్చిరి. అందు ఘంటసాల, జిక్కి పాడిన రాగమాలిక సోహని, బహార్, జౌన్‌పురి, యమన్ అను నాలుగు హిందూస్తానీ రాగములలో సాగును. తరువాత హిందీలో తీసినపుడు దానినే లతామంగేష్కర్, మహమ్మద్ రఫీ పాడిరి. మూడు నిమిషముల ప్లేటు కొలతకు లొంగని పెద్ద పాట అది. కథ ఎవరికైన వరుసగ జ్ఞాపకమున్నదో లేదో గాని ఆ పాటకు మరపు లేదు.

ఇది మనదేశమునకే ప్రత్యేకము కాదు. అమెరికాలో ఎల్విస్ ప్రెస్లీ యను రాక్ అండ్ రోల్ గాయకుడు 1961లో బ్లూ హవాయి యను వినోదచిత్రమున నటించెను. సముద్రతీరము, పూలదండలు, పడుచుపిల్లలు, చివరకు పెండ్లి — కథ ఇంతే. కాని ఆ చిత్రపు పాటలు ఒక్కటే పెద్ద ప్లేటుమీద ఆల్బముగ వెలువడి, ఆ దేశపు పట్టికలో 20 వారములు ప్రథమస్థానమున నిలిచినవి. మనకు ఆనాడు అట్టి ఆల్బము లేదు. ప్లేటుకు ప్రక్కకొక పాట. మొత్తము సినిమా కావలెనన్న అరడజను ప్లేట్లు కొనవలెను. కొనలేనివారు సిలోను రేడియో, బెజవాడ రేడియో పెట్టిన పాటతో తృప్తిపడవలెను. ఎల్విస్ పాటల ఉల్లాసమును అచటి పండితులు చులకన చేసినట్లే, మాయాబజారు పాటలను ఇచట కొందరు తేలికసరకని తలచిరి.

ఈ చులకన కూచిపూడికి తగిలిన తీరు వేరు. 1958లో ఢిల్లీలో సంగీత నాటక అకాడెమీవారు నాట్యగోష్ఠి జరిపినపుడు కూచిపూడి శాస్త్రీయమైన నాట్యమా, కాదా యన్న చర్చ వచ్చినది. విస్సా అప్పారావుగారి వంటి విద్వాంసులు పూనుకొని, మా నాట్యమునకు భరతశాస్త్రము ఆధారమని వాదింపవలసివచ్చినది. మరుసటియేట హైదరాబాదులో ప్రత్యేకముగ గోష్ఠి జరిపిరి. ముందటి యేడు ఆ ఊరివారి అడుగులకు దేశము తెరయెదుట కూర్చుండి చప్పట్లు కొట్టినది. మరుసటి యేడు ఆ అడుగులు శాస్త్రీయమా యని అడిగినది. సినిమాకు పోయినవారు కళను అమ్ముకొనిరని ఊరిలో నిందించినవారును లేకపోలేదు. నా అభిప్రాయము నిర్మొగమాటముగ చెప్పుదును. సినిమా కూచిపూడిని కురుచ చేసినది, నిజము. ఒక్క ప్రవేశదరువునకు పట్టు కాలములో సినిమావారు రెండు పాటలు ముగింతురు. అభినయము విస్తరించుటకు తావు లేదు. సూత్రధారునికి పనియే లేదు. కాని ఆ మూడు నిమిషముల కూలియే అనేక కుటుంబములను నిలిపినది. ఆకలితో చచ్చు శుద్ధకళకంటె, తిండి దొరకిన కళకు మరల శుద్ధి పొందు అవకాశము ఉండును.

ఊరిలో మాకు ఒక మామ్మగారి పరిచయభాగ్యము కలిగినది. ఎనుబదియేండ్లు దాటినవారు. మగనివైపును, పుట్టినింటివైపును భాగవతుల కుటుంబమే. మేము మాయాబజారు మాట ఎత్తగనే ఆమె మాయాశశిరేఖ పాటను సన్నని గొంతుతో ఎత్తుకొని, నడుమ భామాకలాపమునుండి ఒక దరువు అందుకొని, రెంటికి గల పోలికను మాకు చేతివ్రేళ్లతోనే చూపిరి. కూర్చున్నచోటనుండి లేవలేదు. తాళము తొడపై వేయుచుండిరి; ఒక్క మాత్రయైనను తప్పలేదు. మీరు ఎపుడైన ఆడితిరా యని మావారిలో ఒకతె అడిగినది.

“అమ్మాయీ, కలాపం మొదటినుంచి చివరిదాకా నాకు నోటికొచ్చు. మా అన్నయ్య తప్పితే నేను పెరట్లోంచి అందించేదాన్ని. కాలు మాత్రం ఎప్పుడూ కదపలేదు తల్లీ,” అనిరి.

పిమ్మట వెంటనే కాఫీ త్రాగెదరా యని అడిగిరి. మాకు కొంతసేపు మాట రాలేదు.

ఆడువారు గజ్జె కట్టుటకు ద్వారము తెరచుకొన్నది ఊరికి వెలుపలనే. వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రిగారు (1886–1956) స్త్రీలకు నేర్పుటకు ముందడుగు వేసిన గురువులలో ఒకరు. యామినీ కృష్ణమూర్తి వంటివారు ఈ విద్య గ్రహించి దేశదేశములలో ప్రదర్శించిరి. ఆమె 2024లో గతించిరి. 1929లో ఈ గ్రామమున పుట్టిన వెంపటి చినసత్యముగారు పడుచుప్రాయమున మదరాసు చేరి, అన్నగారైన పెదసత్యముగారి చెంత సినిమాపనులలో సాయపడి, 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడెమీ స్థాపించిరి. ఆయన చేతిలో శోభానాయుడు వంటి సత్యభామలు తయారైరి. సత్యభామ వేషము స్త్రీయే ధరించుట మొదట కొందరికి వింతగ తోచినదట! సినిమాలోని నాట్యము చూచి, మా పిల్లకును అట్లు నేర్పుడని తల్లులు మదరాసులో గురువులను ఆశ్రయింపకపోయినచో, ఈ మార్పు ఇంత త్వరలో వచ్చియుండునని నేను నమ్మను. ఆ ప్లేట్లు తిరుగవేయు అధికారము లేని ఇండ్లలోని ఆడపిల్లలే, తాము తల్లులైనపిదప తమ బిడ్డల కాళ్లకు గజ్జెలు కట్టించిరి.

ఇంకొక సంగతి. 1967లో రాఘవయ్యగారు రహస్యము అను చిత్రము తీసిరి. అందు బందరు ప్రాంతపువారైన మల్లాది రామకృష్ణశాస్త్రిగారు వ్రాసిన గిరిజాకల్యాణము అను యక్షగానమును ఘంటసాలవారు స్వరపరచిరి. చిత్రము ఆడలేదు. చిత్రము రాకముందే, 1965లో, శాస్త్రిగారు స్వర్గస్థులైరి. కాని పాట బ్రతికినది. రికార్డునుండి నేర్చి నాట్యమేళములవారు దానిని వేదికపై ఆడజొచ్చిరి. ఊరినుండి సినిమాకు పోయిన విద్య, ఈసారి సినిమానుండి ప్లేటుమీద కూర్చుండి ఊరికి తిరిగివచ్చినది. నేడు దానిని ఆడు పిల్లలలో అది ఒక సినిమాపాటయని ఎరుగనివారు అనేకులు. ఎరుగకున్న నష్టమేమి?

సిద్ధేంద్రయోగి పేరిట ఊరిలో కళాపీఠము కలదు. బందా కనకలింగేశ్వరరావుగారి కృషితో 1950ల చివర వెలసిన విద్యాలయమే తరువాత తెలుగు విశ్వవిద్యాలయము చేతికి వచ్చినది. మేము పోయిన సాయంకాలము అచట అభ్యాసము జరుగుచుండెను. పదునైదుగురు విద్యార్థులలో మగపిల్లలు ముగ్గురే. ఒక పిల్ల పళ్లెముపై నిలిచి తరంగమునకు అడుగులు వేయుచు మాటిమాటికి జారిపోవుచుండెను. గురువుగారు తట్టుకఱ్ఱ ఆపక, ఊఁ, మరల, అనుచుండిరి. ఆ పిల్ల ఆరవసారికి అంచు పట్టి పళ్లెమును నాలుగడుగులు నడిపినది.

కూచిపూడి చూడబోవు సోదరీమణులు మొవ్వకును పోవలెను. కొలది కిలోమీటర్ల దూరమే. క్షేత్రయ్య పదములలోని మువ్వగోపాలుని గుడి అచట కలదు. పదములు పాడు అలవాటున్నవారు స్వామి ఎదుట ఒకటి పాడి వచ్చుట మంచిది, అర్చకులు కాదనరు. ప్రొద్దుటి బస్సుకు బెజవాడలో బయలుదేరినచో రెండు ఊళ్లును చూచి సాయంకాలమునకు తిరిగి రావచ్చును. కాని కళాపీఠమున అభ్యాసము చూడగోరువారు సాయంకాలమువరకు ఆగవలెను, కనుక రాత్రి పామర్రుననో, చల్లపల్లిననో బంధువులు లేనివారు ముందుగ బస ఏర్పాటు చేసికొనుట మేలు. ఎండకాలమున పోకుడు. సంక్రాంతి దాటిన నెలలో చలి తక్కువ, దారి చల్లన, చేలలో మినుము కాయపట్టియుండును.